గంగామణి కట్టిన ధర

బ్యాంకు పంపిన ఇంజనీరు పది నిమిషాల్లో ఇల్లంతా చుట్టేసి, ఇరవై ఆరు లక్షలకు మించి చేయదని రాసిచ్చాడు.

ఇంటి యజమాని కాశీరాం అడిగింది ముప్పై రెండు.

ఇంటి విలువ తక్కువ రాస్తే బ్యాంకు ఇచ్చే అప్పూ తగ్గుతుంది. ఆ ఇల్లు కొనాలనుకున్న రంజిత్‌కు అయిదు లక్షలు తక్కువ పడ్డాయి.

"రూపాయి తగ్గ. మద్నూర్ పార్టీ ఒకటి నగదు పట్టుకొని తయారుగున్నది. ఐతారం లోపల చెప్పుండ్రి, లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి," అన్నాడు కాశీరాం.

తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్న ఇల్లు. దాన్ని విడిచిపోవాలంటే రంజిత్ తల్లి గంగామణికి ప్రాణం ఉసూరుమంది.

రంజిత్ బ్యాంకు చుట్టూ తిరిగి, మళ్లీ ఒక్కసారి చూడమని బతిమాలాడు. ఇంకో మనిషిని పంపుతామన్నారు.

"అమ్మా, బ్యాంకాయన వస్తే ఇంటి గురించి జర మంచిగ చెప్పు," అని దుకాణానికి పోతూ పోతూ హెచ్చరించాడు.

"గంత తెల్వదా నాకు!" అంది గంగామణి.

బుధవారం మధ్యాహ్నం ఆమె వాకిట్లో బీడీలు చుడుతుంటే ఒకాయన వచ్చాడు. చంకలో కాగితాలు. గేటు దగ్గర నిలబడి ఇంటిని కిందినుంచి మీదికి చూశాడు.

ఆ చూపు గంగామణికి బాగా ఎరుకే. పోయినేడు ఇంటి పన్ను పెంచి, వీళ్ల కిరాయి పెరిగేలా చేసిన మున్సిపాలిటీ మనిషి అచ్చం అట్లాగే చూశాడు.

"ఇల్లు మంచిగున్నదమ్మా," అన్నాడాయన.

ఇంకేముంది! గంగామణి బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"ఏం మంచిగ సారూ! వానొస్తే బయటికన్న లోపలనే ఎక్కువ పడ్తది."

"అవునా?"

"గా గోడకు ఆనుకోకుండ్రి, మీద పడ్తది. బోరు శివరాత్రికే ఎండుతది."

"మరి వెనక రూము?"

"పాము దూరింది. ఉన్నదో పోయిందో ఎవలకెరుక? మేం అటు దిక్కే పోం."

ఆయన కాగితాలు మడిచాడు. మోటారు సైకిలెక్కి వెనక్కి చూడకుండా పోయాడు.

పన్ను తప్పించానని గంగామణి ఒకటే మురిసిపోయింది.

సాయంత్రం కొడుకు రాగానే అడిగాడు.

"ఎవలన్న వచ్చిండ్రా అమ్మా?"

"మున్సిపాల్టోడు వచ్చిండు. గుడిసె దీనికన్న నయమని చెప్పి ఎల్లగొట్టిన."

రంజిత్ నెత్తి పట్టుకొని కూలబడ్డాడు.

"బ్యాంకాయన గదనే! కొంప ముంచితివి!"

గంగామణి ఆ పూట అన్నం ముట్టలేదు. నా నోరు పడిపోనూ అని తనను తానే తిట్టుకుంటూ, మర్నాటి నుంచి సామాన్లు మూటలు కట్టడం మొదలుపెట్టింది.

గడువు చెప్పిన ఆదివారం కాశీరాం రానే వచ్చాడు. మూటలు చూశాడు. మొహం వేలాడేసుకొని మెట్ల మీదే కూర్చున్నాడు.

"మూటలు ఇప్పుకోండ్రి ఇగ," అన్నాడు. "బ్యాంకోళ్లు రాసిన ఇరవై ఆరుకే ఇస్త."

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి మద్నూర్ పార్టీ ఏమాయె కాకా?" అడిగాడు రంజిత్.

"ఏం చెప్పాలె బిడ్డా! నాకు చెప్పకుంట బుధవారం ఒక్కడే వచ్చి ఇల్లు చూసి పోయిండంట, అప్పటిసంది ఫోనెత్తుతలేడు."