చుక్కి తినని ఈగ

మూడు రోజులు కుండపోతగా కురిసిన వాన వెలిసింది. కొండవాగులో ఎర్రనీళ్లు ఇంకా ఉరకలేస్తున్నాయి. వరదకు కొట్టుకుపోకుండా చేపలన్నీ ఒక బండ చాటున చేరి, ఆకలితో నకనకలాడుతున్నాయి.

అంతలో నీటి మీద ఒక ఈగ వాలింది.

"ముందు చుక్కి తింటుంది," అన్నాడు ఆ గుంపుకు పెద్దయిన గండయ్య. కొత్త తిండి ఏది కనబడినా చిన్నవాళ్లను పంపి, ప్రమాదం లేదని తేలాక తాను తినడం అతని అలవాటు.

చుక్కి ఒళ్లంతా మచ్చలున్న చిన్న చేప. ఈగను పరకాయించి చూసింది. "నేను తినను మామా. నీళ్లన్నీ కిందికి పోతుంటే ఆ ఈగ పైకి పోతోంది. ఒడ్డున ఎవడో దారం కట్టి లాగుతున్నాడు."

"నాకే ఎదురు చెబుతావా? తినకపోతే ఈ బండ చాటున నీకు చోటు లేదు, పో!"

"పోతాను. కానీ దాన్ని ఎవరి నోట్లోనూ పడనివ్వను."

చుక్కి ఒక్క ఉదుటున ఎగిరి తోకతో ఈగను కొట్టింది. ఈగలా కట్టిన ఈకలు చెదిరి లోపలి గాలం బయటపడింది. ఆ గాలమే చుక్కి తోకలో దిగి ఒడ్డు వైపు ఈడ్చింది. చుక్కి శక్తికొద్దీ గింజుకుంది. తోక సగం చిరిగింది గానీ గాలం ఊడింది.

వంకరగా ఈదుతూ వచ్చిన చుక్కిని చూసి గండయ్య నవ్వాడు. "ఆ తోకతో ఈ వరదలో ఎంత దూరం పోతావే?"

"ఎంత దూరమైనా సరే, నువ్వు చెప్పిన వైపు మాత్రం పోను," అని చుక్కి ప్రవాహానికి ఎదురు తిరిగింది.

చిన్న చేపలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి చుక్కి వెంట ఈదాయి. గండయ్య ఎంత అరిచినా ఒక్కటీ వెనక్కి చూడలేదు.