ఏడో నంబరు రిజిస్టరు

"నా బీరువా తీసిందెవరు?" మార్చురీ ఆఫీసు గుమ్మంలోంచే అరిచాడు గుమాస్తా.

"నేనే సార్," అంది డేటాబేస్ పని నేర్పడానికి వచ్చిన ఇంజనీరు. "అన్ని రిజిస్టర్లూ ఇచ్చి ఏడో నంబరు ఒక్కటీ దాచిపెట్టుకున్నారు. సూపరింటెండెంటు గారి దగ్గర తాళం తీసుకుని నిన్ననే కంప్యూటర్లోకి ఎక్కించేశాం."

గుమాస్తా మొహంలో నెత్తుటి చుక్క లేదు. చూసి ఆమెకు ఒళ్ళు మండింది. నెలరోజులుగా ఈ మనిషితో వేగలేక చస్తోంది. ఉద్యోగం పోతుందని భయమో, ఏ తప్పుడు పని చేసి కూర్చున్నాడో!

"కంగారెందుకు సార్? డేటాబేస్ అంటే మీ రిజిస్టర్లే. అవే గళ్ళు, అవే వరసలు. వాటిని చూసుకోడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పేజీలు తిప్పక్కర్లేదు, అడిగితే చాలు, అదే వెతికి పెడుతుంది."

"ఎవరడిగినా పెడుతుందా?"

"మన తెర మీద ఎవరడిగినా."

అంతలో అతని మరదలు వచ్చింది. కనిపించకుండా పోయిన భర్త ఆచూకీ కోసం ఆరేళ్ళుగా నెలనెలా వస్తూనే ఉంది.

"బావగారూ, ఈ నెలైనా ఏమైనా..."

"లేడమ్మా. మన పుస్తకాల్లో లేడంటే తమ్ముడు ఎక్కడో క్షేమంగా ఉన్నట్టే. ఇంటికెళ్ళు."

ఆ మాట కోసమే వచ్చినట్టు ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇంజనీరు వైపు తిరిగి, "గొడవలో నోరు జారి 'పోయి చావు' అన్నానమ్మా. విసురుగా వెళ్ళిపోయాడు. ఏ వేళకొస్తాడోనని ఇప్పటికీ తలుపు గడియ వెయ్యను," అంది.

ఇంజనీరు కీబోర్డు ముందుకు లాక్కుంది. సొంత మరదల్ని కూడా ఇలా తిప్పుతాడా ఈయన?

"పేరు చెప్పండక్కా. క్షణంలో తేలిపోతుంది."

"వద్దు!" గుమాస్తా కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరుకోండి బావగారూ. లేడనే కదా చూపిస్తుంది," అంటూ మరదలే ఆ చెయ్యి పక్కకు తీసి, భర్త పేరు చెప్పింది.

ఒకే ఒక్క వరస వచ్చింది. ఏడో నంబరు రిజిస్టరుది. మరదలు తెర మీదికి వంగి, ఒక్కో గడీ తనే కూడబలుక్కుంటూ చదువుకుంది. తేదీ, గొడవైన మర్నాడు. కారణం, ఆత్మహత్య.

చివరి గడిలో, శవాన్ని తీసుకెళ్ళిందెవరన్న చోట, 'మృతుడి అన్న' అని ఉంది.