రవ్వల ఉంగరం

“వేలిది కోసెయ్యండి అన్నయ్యగారూ” అంది ఆవిడ. కోత చక్రం రొదలో, కిటికీ చువ్వల కోసం వచ్చిన వెల్డరుకి అది “వేలు కోసెయ్యండి” అని వినపడింది. చప్పున తన చేతులు రెండూ జేబుల్లో దాచేసుకున్నాడు.

మేస్త్రి చక్రం ఆపాడు. ఆవిడ కొడుకు వేలు వంకాయలా ఉబ్బింది. రంగు కూడా వంకాయదే. పెళ్లినాటి ఉంగరం కండలో కూరుకుపోయింది.

మేస్త్రి చెయ్యి ఎంత వాడో నోరూ అంతే. ఇనుముకో చక్రం, స్టీలుకో చక్రం, అల్యూమినియానికి ఇంకో చక్రం. పనుంటే లోహాలు కోస్తాడు, లేకపోతే కోతలు కోస్తాడు. చక్రం ఆనిస్తే చాలు, ఏ లోహమైనా దాని జాతకం చెప్పేస్తానంటాడు. అలాంటివాడు ఇవాళ నీళ్లు నమిలాడు.

“బంగారానికి నా దగ్గర చక్రం లేదు చెల్లెమ్మా.”

సబ్బు రాశాడు. నూనె పోశాడు. దారం చుట్టి లాగాడు. ఉంగరం రాలేదు గానీ కుర్రాడికి కన్నీళ్లొచ్చాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. అక్కడినుంచే వస్తున్నారట. ఆసుపత్రి కత్తెరకి అది తెగలేదట. ఇంకా ఆలస్యమైతే వేలే తీసెయ్యాలన్నారట.

“మీరుండగా ఇంకెవరి దగ్గరికి పోతాం?” అని ఆవిడ కళ్లొత్తుకుంది.

ఇక తప్పలేదు. మేస్త్రి ఉంగరం కింద పల్చటి రేకు దూర్చాడు. మధ్యమధ్య నీళ్లు చల్లుతూ, ఉన్నవాటిలోకెల్లా చిన్న చక్రం ఆనించాడు.

ఒక్క రవ్వ కూడా పొదగని ఉంగరం అది. చక్రం తగిలిందో లేదో, రవ్వలే రవ్వలు. చిచ్చుబుడ్డి ముట్టించినట్టు చిమ్మాయి. ఉంగరం టప్పున తెగింది. వేలు దక్కింది.

వెల్డరు చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. “బంగారం ఎక్కడైనా నిప్పురవ్వలు రాలుస్తుందా మేస్త్రీ? ఇది ఉక్కు. పైన గిల్టు.”

ఆవిడ తెరిచిన నోరు ముయ్యలేదు. పిల్లనిచ్చి ఇనుము తొడిగిన ఆ మామగారిని షాపులో ఉన్నవాళ్లంతా ఏకిపారేశారు. మేస్త్రి ఒక్కడే ఆ పెద్దమనిషిని వెనకేసుకొచ్చాడు. పాపం, ఆయన్ని ఏ కంసాలో ముంచి ఉంటాడన్నాడు.

ఆ మామగారి ఇల్లెక్కడో చెబితే వెళ్లి దులిపేసి వస్తానని వెల్డరు చొక్కా చేతులు పైకి మడిచాడు.

కుర్రాడు వేలు ఊదుకుంటూ, పకపకా నవ్వుతూ అందరికీ వినపడేలా చెప్పాడు: “అంత దూరం వెళ్లడం దేనికండీ, ఆ చక్రం పట్టుకుని చెమట తుడుచుకుంటున్నది మా మామయ్యగారే.”