ఒకే గేటు, రెండు కార్లు

తెనాలిలో ఆ ఇంటికి ఒకటే గేటు, కార్లు రెండు. అన్న పరంధామయ్య మయూఖ కంపెనీ కారు కొన్నాడని, తమ్ముడు శేషగిరి పంతానికి పోటీ కంపెనీ తురగ కారు తెచ్చాడు. డ్రైవరు అక్కర్లేని ఆ కార్లు చచ్చినా ఒకదానికొకటి దారిచ్చేవి కావు. అన్నదమ్ములకూ మాటల్లేవు.

ఆ ఉదయం రెండు కంపెనీలూ ఒక్కటైపోయాయని వార్తల్లో చెప్పారు. శేషగిరి భార్య హైమ ముగ్గేస్తుండగా, బావగారు గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడ్డారు. గేటుకు అడ్డంగా తమ తురగ! హైమ ముగ్గు వదిలేసి ఇంట్లోవాళ్లను కేకేసింది.

ఎవరూ చెప్పకుండానే తురగ వీధిలోకి జరిగి దారిచ్చింది. మయూఖ మెల్లగా వచ్చి మెట్ల దగ్గర ఆగింది.

"ఎంత బుద్ధొచ్చిందమ్మా వీటికి!" అని హైమ మురిసిపోతూ, తోడికోడలితో కలిసి ఆయన్ను ఎక్కించింది.

కారు కదల్లేదు. నిన్నటిదాకా శేషగిరి కనబడితే అద్దాలెత్తేసుకున్న ఆ కారే, కేక విని వచ్చి గోడవార నిలబడ్డ అతనికేసి రెండో తలుపు తెరిచి, "మనవాళ్లు ఇంకొకరు ఎక్కాలి" అంది.

పరంధామయ్య ఆయాసపడుతూనే చెయ్యి చాచాడు.

"ఎక్కరా. నువ్వు రాందే ఇది కదిలేట్టు లేదు."