‘ఇదిగో’ కోసం పోరు

నోటీసు చదివి మధుసూదన్ నోరు చేసుకున్నాడు.

హైటెక్ సిటీలో అతని కంపెనీ చిన్నదే, గొంతే పెద్దది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చే యాప్ చేశాడు. దాని పేరు ‘ఇదిగో’.

బాలానగర్‌లో కాలింగ్ బెల్లులు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఆ పేరును ఏనాడో రిజిస్టర్ చేయించుకుందట. యాప్ పేరు మార్చకపోతే కోర్టుకు లాగుతామని నోటీసు.

“ఇదిగో అనకుండా తెలుగువాడికి పూట గడుస్తుందా? రేపు ‘ఏమండీ’ని కూడా రిజిస్టర్ చేయిస్తే మా ఆవిడ నన్నెలా పిలవాలి?”

మార్చడమే క్షేమమని లాయర్ రాజరాజేశ్వరి నచ్చజెప్పింది. అయితే ‘అదిగో’ అని పెడతానన్నాడు. ఆమె తల పట్టుకుంది.

వేళాకోళం అటుంచితే, అతని మంకుపట్టుకు కారణం ఉంది. కిందపడిన ముసలామె కంగారులో వెతుక్కునేది నోటికి అలవాటైన పేరునే. అది కనబడకపోతే ఆమె దగ్గరికి ఎవరొస్తారు?

పేరు గొడవ బయటికి పొక్కగానే న్యూమరాలజీ వాళ్లు క్యూ కట్టారు. పేరు మార్చనక్కర్లేదు, చివర ఇంకో ‘ఓ’ తగిలించమని ఒకాయన. మొదట్లో ‘ఈ’ సాగదీయమని ఇంకొకాయన. అది సంఖ్యాశాస్త్రం కాదు, శంకాశాస్త్రమని అందర్నీ సాగనంపాడు మధుసూదన్.

ఆ వరసలోనే ఒక పెద్దాయన వచ్చాడు. నుదుట విభూతి, కాళ్లకు అరిగిన చెప్పులు.

“పేరు మార్చకుర్రి సారూ. దాని సంగతే మాట్లాడదామని వచ్చిన.”

“మీరు ఏ అక్షరం తగిలించమంటారు?”

“అక్షరం గిక్షరం ఏం లేదు బిడ్డా. పేరు నీకే ఉండేటట్టు నేను చేస్త.”

నవగ్రహాలకు తన నమస్కారాలు చెప్పమంటూ మధుసూదన్ తనే లిఫ్ట్ బటన్ నొక్కాడు.

“నాకు ఎవరి దయా అక్కర్లేదు పెద్దాయనా. కొట్లాడి నిలబెట్టుకుంటా.”

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. “గట్లనే కానియ్యి” అని లిఫ్టెక్కాడు.

కొట్లాట ఎంతోకాలం సాగలేదు. బాలానగర్ ఫ్యాక్టరీని ఓ పెద్ద కంపెనీ కొనేసింది, పేరుతో సహా. వాళ్ల లాయర్ల దండు ముందు రాజరాజేశ్వరి ఒక్కతే. ‘ఇదిగో’ వాడకూడదని కోర్టు చెప్పింది. యాప్ పేరు ‘తోడు’ అయింది.

ఇక ఆ పేరు జోలికి రానని రాసిచ్చే కాగితం ఫ్యాక్టరీలో ఇవ్వాలన్నారు. మధుసూదన్ ఛాతీ విరుచుకునే వెళ్లాడు. కొన్నవాళ్లకు తాళాలు అప్పజెబుతూ పాత యజమాని కూతురు ప్రశాంతి ఇంకా అక్కడే ఉంది. కాగితం ఆమె బల్ల మీద విసిరి, ఓడింది కేసే గానీ తాను కాదన్నాడు.

ఆమెకు కోపం రాలేదు.

“పోయినేడు మా అమ్మ బాత్రూంల పడ్డది సార్. మీ యాప్ నొక్కితేనే పక్కింటోళ్లు ఉరికొచ్చి దవాఖానకు తీస్కపోయిన్రు.”

“అందుకా మాకు నోటీసు పంపారు?”

“అది మా వకీలు పంపిండు. నోటీసు సంగతి తెలిసినంక నాన్న ఆగలే. ఫ్యాక్టరీ అమ్మేముందు గా పేరొక్కటి మీకు రాసిద్దామని మీ ఆఫీసు దాంక వచ్చిండు సార్, మీరు లోపటికి రానియ్యలేదంట.”