తువ్వాలు కింద లెక్క

"నోటితో మాత్రం చెప్పనప్పా. నువ్వేమన్నా అనుకో," అన్నాడు ఎర్రప్ప వేదిక మీద చేతులు కట్టుకుని.

హిందూపురం సినిమాహాలు గొల్లుమంది. రేడియోల కంపెనీ తరఫున బెంగుళూరు నుంచి వచ్చి ఈ మాటల, అంకెల పోటీ నడుపుతున్న నాగేశ్వరరావు చేతిలోని ప్రశ్నల కార్డు దించాడు.

"జవాబు తెలుసా, తెలియదా?"

"చెయ్యెత్తినా కదప్పా."

"మరి చెప్పడానికేం?"

"నాది ఎద్దుల దలాలి పని. ముప్పై ఏండ్లయింది సంతలో. అంకెను ఒక దినమన్నా నోటితో అనింది లేదు. చెయ్యి ఇట్లియ్యి. తువ్వాలు కప్పి వేళ్లతో చెప్తా. ముందు పదులు, ఆమింద ఒకట్లు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. ఐదు దాటితే మళ్లీ మొదట్నుంచి."

పక్క కుర్చీలోంచి గోవిందరాజులు మాస్టారు లేచాడు. హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి.

"ఇదేం పద్ధతి సార్? పోటీ అన్నాక నలుగురూ ఇనేట్ల చెప్పల్ల."

"మా బేరం నలుగురూ ఇంటే కుదురుతాదా సార్?" అన్నాడు ఎర్రప్ప మర్యాదగా.

హాల్లో సగంమంది సంతకు వచ్చినవాళ్లే. "చెయ్యియ్యప్పా, ఏం కాదు" అని వెనక బెంచీలు కేకలు వేశాయి. నాగేశ్వరరావు నవ్వుతూ చెయ్యి చాచాడు.

మాస్టారు కూర్చున్నాడు. పెద్దగా బెంగపడలేదు కూడా. హాలు టికెట్లలోంచి చీటీ తీస్తే తనకు పోటీగా తేలిన మనిషి గుడిబండ ఎర్రప్ప, వేలిముద్ర వేసే రకం. చెదిరిన అక్షరాలు కలిపి మాట చెప్పే ప్రశ్నలు ఐదూ మాస్టారే ఊదేశాడు. ఆ కాసేపూ ఎర్రప్ప హాలు పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. ఇక ఆరు లెక్కలు. అందులో ఒక్కటి చెబితే చాలు, బల్ల మీద మెరుస్తున్న ఆ రేడియో మాస్టారిది. ఇంట్లో భార్య అలివేలమ్మ దానికి పువ్వుల గుడ్డ కుట్టి కూడా పెట్టింది. ముందు వరసలో హెడ్మాస్టరు, ఆయన వెనక తొమ్మిదో తరగతి మొత్తం. గెలిచాక ఎంత వినయంగా నవ్వాలన్నదే మాస్టారి ఆలోచన.

మొదటి లెక్క అప్పటికే చదివారు. కోళ్లూ మేకలూ కలిపి ముప్పై తలలు, ఎనభై నాలుగు కాళ్లు, మేకలెన్ని? తువ్వాలు కింద ఏదో కదిలింది. ఎర్రప్ప కళ్లు సగం మూసుకుని ఒక్కో వేలూ పట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"పన్నెండు. సరైన జవాబు," అన్నాడు నాగేశ్వరరావు.

మాస్టారు ఇంకా పలక మీద తలల్ని రెండుతో హెచ్చవేస్తున్నాడు.

ముందు చెయ్యెత్తినవాడికే మొదటి అవకాశం. తప్పు చెబితేనే రెండోవాడికి. రెండో లెక్కకూ ఎర్రప్ప చెయ్యే ముందు లేచింది. మూడోదానికి ప్రశ్న సగంలో లేచింది. నాలుగోదానికి నాగేశ్వరరావు కార్డు తియ్యగానే లేచింది.

"అయ్యా, పూర్తిగా వినండి," అన్నాడు నాగేశ్వరరావు.

"నువ్వు చదువుకుంటా ఉండప్పా. నేను చెయ్యెత్తుకునే ఉంటా."

నాలుగోదీ సరైనదే. ఐదోదీ సరైనదే. ఐదుకు ఐదయ్యాయి. మాస్టారి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పిల్లలవైపు చూడడానికి ధైర్యం చాలక చేతిలోని పలక వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఆఖరి లెక్క," అన్నాడు నాగేశ్వరరావు. "నాలుగుతో భాగిస్తే మూడు, ఐదుతో భాగిస్తే నాలుగు, ఆరుతో భాగిస్తే ఐదు శేషం వస్తాయి. వందలోపు ఆ సంఖ్య ఏది?"

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. ఏటా తొమ్మిదో తరగతికి ఆయన ఇష్టంగా చెప్పే లెక్క అది. నిద్రలో లేపి అడిగినా యాభై తొమ్మిది అంటాడు. చటుక్కున చెయ్యెత్తి పక్కకు చూశాడు. ఎర్రప్ప చెయ్యి మొదటినుంచీ పైనే ఉంది.

తువ్వాలు పడింది. దేవుడా, ఒక్క వేలు తప్పించు అని మాస్టారు మనసులో మొక్కుకున్నాడు. మొక్కుకున్నందుకు సిగ్గుపడ్డాడు. మళ్లీ మొక్కుకున్నాడు.

"యాభై తొమ్మిది," అన్నాడు నాగేశ్వరరావు. "ఎర్రప్పగారు గెలిచారు."

ఎర్రప్ప రేడియోను నెత్తిన పెట్టుకుని దిగాడు. హెడ్మాస్టరు ఎదురెళ్లి మరీ ఆయనకు దండం పెట్టాడు. తొమ్మిదో తరగతి తమ సారు పక్కనుంచే, ఆయన కనబడనట్టుగా వెళ్లిపోయింది. అది మాస్టారికి ఓటమికన్నా ఎక్కువ నొప్పిగా తగిలింది.

బస్టాండు దగ్గర మాస్టారు ఎర్రప్పను అందుకున్నాడు.

"నిలబడు ఎర్రప్పా. నీతో మాట ఉండాది."

"చెప్పండి సార్."

"నేను బీయే చదివినా. పలక మీద సగం వేసేలోపల నువ్వు చెప్పేస్తాండావు. రేపు ఏ మొగం పెట్టుకుని పిల్లకాయల ముందర నిలబడల్ల? రేడియో నువ్వే పెట్టుకో. ఆ ఉపాయమొకటి నాకు నేర్పు. దినామూ గుడిబండకే వస్తా, నీ కాడ పలక పట్టుకుని కూచుంటా."

అంత చదువుకున్న మనిషి అట్లా బతిమాలడం చూసి ఎర్రప్పకు బాధేసింది. రేడియో కిందికి దించాడు. అటూ ఇటూ చూశాడు. మాస్టారిని చెట్టు చాటుకు లాగి, గొంతు బాగా తగ్గించాడు.

"లెక్కలు నాకు యాడొస్తాయి సార్, సరైన వేలు పట్టుకుంటానే ప్రశ్నలడిగే ఆయప్ప చెయ్యే ఉలిక్కిపడతాండె, నేను ఆడ నిలిపేస్తాంటి."