వెనక ఇరుసులో మూలుగు

కురుమూర్తి అంబాసిడర్ కారు వెనక ఇరుసులో మూలుగు మొదలై మూడు నెలలైంది. వేగం నలభై దాటితే వినిపించేది, తగ్గిస్తే ఆగిపోయేది. అచ్చంపేట మెకానిక్ మద్దిలేటి బేరింగులు మార్చాడు, ఆయిలు మార్చాడు, గేరు పళ్లన్నీ విప్పి చూశాడు. ఎక్కడా అరుగుదల లేదు.

"నువ్వు నడుపన్నా. నేను ఎనక సీట్ల పండుకొని వింట. ఏ దిక్కు నుంచి వస్తుందో తెలుస్తది," అన్నాడు చివరికి.

చీకటి పడ్డాక నాగర్‌కర్నూల్ రోడ్డు పట్టారు. మూడు నెలల కింద ఆ దారినే, ఆ వెనక సీట్లోనే, కాన్పు నొప్పులు పడుతున్న భార్య జమ్ములమ్మను కురుమూర్తి దవాఖానకు తీసుకుపోయాడు. జర మెల్లగ పొమ్మని ఆమె బతిమాలుతున్నా గుంతలు చూడకుండా తోలాడు. తెలకపల్లి దాటేసరికి ఆమె మూలుగూ, ఊపిరీ ఆగిపోయాయి.

ముల్లు నలభై దాటింది. మూలుగు లేచింది.

"ఏ దిక్కుంది, మద్దిలేటీ?"

మద్దిలేటి సీటుకు చెవి ఆనించి విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, ఆనాడు వదినె తల ఏ దిక్కు పెట్టి పండుకుంది?"

"నా ఎనక. ఎందుకు?"

"ఏం లేదు. నేను ముందటికొస్త. ఈడ జాగ లేదు."

అతను సీటు మీదుగా ముందుకు దాటి వచ్చి కూర్చున్నాడు. కురుమూర్తి అద్దంలోకి చూడలేదు. యాక్సిలరేటర్ మీద కాలు సడలించాడు. ఎదురైన గుంతలోకి బండిని పసిబిడ్డను పడుకోబెట్టినంత నెమ్మదిగా దించాడు.

"మెల్లగనే పోతున్నలే," అన్నాడు.

వెనక సీట్లో ఎవరో, నొప్పి తగ్గిన మనిషిలా, ఊపిరి వదిలారు.